లామా డాక్టరు గారు దాచిన పేరు

ఆ రోజు కాజా పొదుగులోంచి పాలు పిండి దాచింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. ఎవరి కోసం పిండానో ఆ అమ్మమ్మకీ చెప్పలేదు. డైరీలో కూడా "కాజా ఈనింది. ఆడపిల్ల. బతికింది" అని మూడు ముక్కలు రాసి మూసేశాను. నేను డైరీ తెలుగులో రాసేదే మా తమ్ముడు చదవలేడని. అయినా ఆ సంగతి రాయడానికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. రేపు కాజా కొత్త పిల్లకి బారసాల. దాని పేరు నాకొక్కదానికే తెలుసు. ఆ పేరు పెట్టమన్న మనిషి పోయి ఎనిమిది రోజులైంది. మైలలో బారసాలేమిటని మా అమ్మ మెల్లగా అంటే, "ఆయన ఏ పిల్లకైనా పదకొండో రోజు దాటనిచ్చారా? ఇప్పుడు నేను దాటిస్తే నన్ను నిద్రపోనిస్తారా?" అంది ఆయన భార్య, మా ఆంటీ. కాబట్టి రేపు పళ్ళెంలో బియ్యానికి బదులు ఓట్స్ పోస్తారు, నన్ను వేలితో పేరు రాయమంటారు. రాయగానే అందరూ ఎందుకా పేరు అని అడుగుతారు. చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. నలుగురి మధ్య నిలబడి అంత మాట్లాడటం నావల్ల కాదు. ఈ కాగితాలు ఆంటీ చేతిలో పెట్టేస్తాను.

కాజా అంటే లామా. పొడుగు మెడ, ఒంటె మొహం, దూది లాంటి బొచ్చు. ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో బతకాల్సిన జంతువు. ఇక్కడ అమెరికాలో మేముండే బెంటన్‌విల్ నుంచి అరగంట డ్రైవ్ చేస్తే కొండల మధ్య, ఆ పేరు చెప్పిన ఆయన ఫారం ఉంది. అక్కడ ఏడు లామాలు, వాటికి చెల్లెళ్ళలా ఉండే రెండు అల్పాకాలు. ఆయన్ని మా వాళ్ళందరూ లామా డాక్టరు గారనేవారు. మేం పిల్లలం అంకుల్ అనేవాళ్ళం.

పొట్టి మనిషి. చెవుల మీద గుబురుగా వెంట్రుకలు. చొక్కా జేబులో కలం పక్కన ఎప్పుడూ పశువులకి పెట్టే థర్మామీటరు ఒకటి. ఒకసారి బ్యాంకులో సంతకం పెట్టమంటే థర్మామీటరు తీసి, మూత ఊడదీసి, అక్కడి అమ్మాయి కెవ్వుమనేదాకా చూసుకోలేదట. ఈ కథ ఆంటీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆయన మధ్యలో అందుకుని, "అది శుభ్రమైన థర్మామీటరే" అనేవారు. అంతకుమించి వాదించేవారు కాదు.

వారానికి ఐదు రోజులు ఆయన పని కోళ్ళ మాంసం ప్లాంటులో తనిఖీ. నెత్తి మీద గట్టి టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు. తలకిందులుగా వేలాడుతూ కోళ్ళు ముందునుంచి పోతూ ఉంటాయి. ఒక్కో దానికి రెప్పపాటు. జబ్బుదైతే పక్కకి, లేకపోతే పాస్. అక్కడ మన దేశపు పశువుల డాక్టర్లు ఇంకో ఇద్దరుండేవారు. వాళ్ళు శని ఆదివారాలు పేకాడి ఆ సంగతి మర్చిపోయేవారు. ఈయన మాత్రం, "వారమంతా చచ్చినవాటిని చూసి పాస్ అంటానమ్మా. ఒక్కసారైనా బతికినదాన్ని చూసి పాస్ అనకపోతే కళ్ళు పాడైపోతాయి" అనేవారు.

అనడమే కాదు. ఆ ఫారంలో పిల్ల పుట్టిన ప్రతిసారీ ఆయన ఆ మాట అరిచేవారు. పుట్టగానే కాదు, దానికో పద్ధతుంది. గంటలోపు లేచి నిలబడాలి. రెండు గంటల్లోపు తల్లి పాలు తాగాలి. మూడు గంటల్లోపు తల్లికి మాయ పడిపోవాలి. కొట్టంలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, వాచీ విప్పి మోకాలి మీద పెట్టుకునేవారు. అప్పటిదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. పిల్ల చన్ను నోట కరిచి, గుటకలు వేస్తూ, బుల్లి తోక వీపు మీదికి లేపుతుంది చూడండి, అప్పుడు లేచి నిలబడి, పరీక్ష ఫలితాలు చదివే హెడ్మాస్టరులా, "పాస్!" అని కేకేసేవారు. వంటింట్లో ఆంటీ కాఫీ గిన్నె స్టవ్ మీద పెట్టేది ఆ కేక వినే.

లామాలు పగలే ఈనుతాయి. "గవర్నమెంటు ఉద్యోగుల్లాగా పదింటికి మొదలెట్టి లంచ్‌లోపు కానిచ్చేస్తాయి. నాకు తగిన జంతువులు" అనేవారాయన. పుట్టిన పిల్లని తుడవడానికి టవల్ వాడేవారు కాదు. ఆయన పాత నూలు పంచెలు ఉతికి, మడతపెట్టి, కొట్టంలో ఒక ట్రంకుపెట్టె నిండా ఉంచేవారు. ఎవరైనా అమెరికన్ వచ్చి ఇదేమిటని అడిగితే, మా ఇళ్ళలో పుట్టిన బిడ్డకి కొత్త గుడ్డ వెయ్యం, ఎవరో కట్టి కట్టి మెత్తబడిన గుడ్డలోనే తీసుకుంటాం అని చెప్పేవారు. పంచె చిరిగే దశకి రాకముందే కొట్టంలోకి పోతోందని ఆంటీ గోల.

తర్వాత తూకం. బాత్రూం స్కేలు తెచ్చి కొట్టం గుమ్మంలో పెట్టేవారు. ముందు తనొక్కరే ఎక్కాలి, తర్వాత పిల్లని ఎత్తుకుని ఎక్కాలి. పిల్ల మెడ అడ్డొచ్చి ఆయనకి అంకె కనపడదు. ఆంటీ వంగి చదివేది.

"నూట డెబ్బై ఆరు పౌన్లు."

"పిల్లతో కలిపేనా?"

"పిల్లనింకా ఎక్కడ ఎత్తుకున్నారు? మీరొక్కరే."

"స్కేలు పాడైంది."

"స్కేలు నిక్షేపంలా ఉంది. నిన్నటి గారెలు ఎక్కడికి పోతాయి మరి?"

పేర్లు పెట్టేది ఆయనే. అన్నీ పిండివంటలే. కాజా, పూతరేకు, అరిసె, సున్నుండ, బొబ్బట్టు. దాణా బస్తాలు తెచ్చే ట్రక్కతను బొబ్బట్టుని "బాబ్" అంటే ఊరుకునేవారు కాదు. బస్తాలు దించనివ్వకుండా అడ్డం నిలబడి, నాలుగుసార్లు చెప్పించేవారు. "నీ పేరు ముక్క చేసి పిలిస్తే నీకు బాగుంటుందా?" అని ఇంగ్లిష్‌లో అడిగేవారు, చాలా మర్యాదగా. ఆఖరికి అతను బాగానే నేర్చుకున్నాడు. ఇప్పుడు మా తమ్ముడి కంటే బాగా అంటాడు.

నేను ఆ ఫారంకి మొదటిసారి వెళ్ళింది పదహారేళ్ళప్పుడు. మా నాన్న ఇక్కడి పెద్ద స్టోర్ల కంపెనీ హెడ్డాఫీసులో కంప్యూటర్ పనికి చేరిన కొత్త. తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఆదివారం అందరూ అక్కడే భోజనాలు. పెద్దవాళ్ళు వీసాల గురించి, పిల్లలు మ్యూజిక్ గురించి మాట్లాడుకుంటున్నారు. "అక్కా, దట్ థింగ్ నా మీద స్పిట్ చేసింది!" అని మా తమ్ముడు ఏడుస్తూ పరిగెడుతున్నాడు. నేను పుస్తకం పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాను. కాజా వచ్చి, నా మొహంలో మొహం పెట్టి, నా ఊపిరి వాసన చూసి అక్కడే నిలబడిపోయింది. ఉమ్మలేదు.

వెనకనుంచి ఆయన గొంతు: "ఎక్కువ మాట్లాడవు కదూ నువ్వు?"

నేను తల ఊపాను.

"మంచిది. దీనికి వాగేవాళ్ళు గిట్టరు. మీ తమ్ముడికి జరిగింది చూశావుగా. వచ్చే శనివారం రా. పని నేర్పిస్తాను."

ఆయన నేర్పే పద్ధతి పుస్తకాల్లో దొరికేది కాదు. ఆంటీ దిండు గలీబు తెచ్చి, అందులో మేజోళ్ళు కుక్కి కుట్టిన ఒక బొమ్మని పెట్టేవారు. పొడుగు మెడ, నాలుగు కాళ్ళు, కీళ్ళ దగ్గర ముడులు. గలీబు మూతి తన గుప్పిట్లో బిగించి పట్టుకుని, "కళ్ళు మూసుకో. చెయ్యి పెట్టు. ఏం తగిలింది?" అనేవారు.

"కాలు."

"కాలని ఆ ట్రక్కబ్బాయి కూడా చెబుతాడు. ముందుకాలా, వెనక్కాలా?"

"తెలీట్లేదు అంకుల్."

"కీళ్ళు వంచి చూడు. రెండు కీళ్ళూ ఒకే వైపు వంగితే ముందుకాలు. ఎదురెదురుగా వంగితే వెనక్కాలు. కళ్ళు తెరవకు! లోపల దీపం పెట్టి ఉండదక్కడ."

ప్రతి శనివారం కాఫీకి ముందు ఈ పరీక్ష. తన చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టి చూసేవారు. "నా చెయ్యి పట్టని చోట నీ చెయ్యి పడుతుంది. గొంతు చిన్నదైతే ఏం, మనకి కావాల్సింది చిన్న చెయ్యే" అనేవారు. నేను మాట్లాడకపోవడాన్ని ఒక లోపంలా చూడని పెద్దమనిషి నా జీవితంలో ఆయనే మొదటివారు.

మరుసటి ఏడాది మా అమ్మమ్మ వచ్చింది, ఆరు నెలలుండటానికి. అక్టోబరులో ఒక శనివారం నాతో ఫారంకి బయల్దేరింది. కారులో దారి పొడుగునా ఒకటే మాట.

"ఈ దేశంలో పాలు డబ్బాలో ఉన్నాయి, పెట్టెలో ఉన్నాయి, పొడిలో ఉన్నాయి. జున్నుపాలు మాత్రం లేవే తల్లీ! మా ఇంట్లో గేదె ఈనిందంటే వీధి వీధంతా జున్నే. దూడ తాగింది తాగగా ఇంకా బిందెడు. మిరియాలు, బెల్లం వేసి ఆవిరి మీద పెడితే ఉంటుందీ... పోనీలే. ఇంక నాకెక్కడిది."

ఆ పోనీలే అన్న తీరు నాకు నచ్చలేదు. అంత చిన్న కోరిక నేను తీర్చలేనా అనిపించింది.

ఆ రోజే కాజా తొలి ఈత. పదింటికల్లా పిల్ల బయటపడింది. గోధుమరంగు పిల్ల, తడిసిన గొడుగులా. అమ్మమ్మ వంటింట్లో ఆంటీ దగ్గర ఉంది. పంచెలో తుడిచాం, బొడ్డుకి అయోడిన్ పెట్టాం. అప్పుడు దాణా ట్రక్కు హారన్ వినపడింది. డాక్టరు గారు లేచి, మొదటిసారి ఒక పని నాకొక్కదానికి అప్పగించారు.

"చన్ను చివర మైనంలా అడ్డుంటుంది. అది ఊడదియ్యాలి. నాలుగు చన్నులు, రెండేసి ధారలు. పాలొస్తున్నాయని తెలిస్తే చెయ్యి తీసెయ్. మిగతాది పిల్ల సొమ్ము. నేనిప్పుడే వస్తా."

నేను రెండేసి ధారలే తీశాను. పసుపుపచ్చగా, తేనెలా చిక్కగా వచ్చాయి. ముర్రుపాలు అంటే ఏమిటో అమ్మమ్మ మాటల్లో వినడమే తప్ప చూడటం అదే మొదలు. పొద్దున టిఫిన్ తిని కడిగిన నా స్టీలు డబ్బా ఖాళీగా పక్కనే ఉంది. ఇంకొక్క ధార అనుకున్నాను. ఇంకొకటి. దూడ తాగగా బిందెడు అన్న మాట చెవిలో మోగుతోంది. కాజా నాకేసి చూస్తూ సన్నగా "మ్మ్" అని మూలిగింది గాని కదలలేదు. నన్ను నమ్మింది. చన్నులు నాలుగూ మెత్తబడి, ధార ఆగిపోయేదాకా పిండాను. డబ్బాలో సగం కూడా రాలేదు. ఇంకా ఊరతాయిలే, గేదెకి ఊరినట్టే అనుకున్నాను. డబ్బా మూతపెట్టి, కారు సీటు కింద దాచి, దాని మీద నా పుస్తకం పెట్టి వచ్చాను. లామా గేదె కాదని నాకు తట్టనే లేదు.

గంటలోపు పిల్ల లేచింది. ఆయన వాచీ చూసి తల ఊపారు. అది తల్లి కిందికి దూరి, చన్ను పట్టుకుంది, వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలేసింది. తోక లేవలేదు. రెండో గంట సగమయ్యేసరికి తిరిగి తిరిగి గడ్డిలో కూలబడింది. ఈసారి లేపినా లేవలేదు. ఆయన దాని నోట్లో వేలు పెట్టి చూశారు.

"నోరు చల్లబడుతోంది."

తర్వాత కాజా పొదుగు తడిమారు. ఒక్కో చన్నూ నొక్కి చూశారు. ఏమీ రాలేదు.

"తొలిచూలు. పాలు పడలేదు దీనికి." కాజా మెడ నిమురుతూ, "నీ తప్పు కాదే పిచ్చితల్లీ. నీ తప్పేం లేదు" అన్నారు.

ఆ మాట కాజాతో అన్నారు. నేను తలుపులోంచి కారు వైపు చూశాను.

"తొలి పాలు పడకపోతే ఇది సాయంత్రానికి ఉండదు," అన్నారు ఖాళీ సీసా నా చేతిలో పెడుతూ. "రోడ్డు చివర మేకల ఆవిడ ఫ్రీజర్‌లో ముర్రుపాలు దాస్తుంది. ఫోన్ చేస్తే ఎత్తదు, పగలంతా దొడ్లోనే ఉంటుంది. నేను దీన్ని వదిలి రాలేను. కొత్తవాళ్ళతో మాట్లాడటం నీకు కష్టమని తెలుసు తల్లీ. కానీ ఇవాళ మాట్లాడాలి."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. పాలు కారులో ఉన్నాయి అంకుల్ అని నాలుగు మాటలు. సీసా తీసుకున్నాను. కారెక్కి మలుపు దాకా డ్రైవ్ చేసి ఆపాను. సీటు కింది డబ్బా తీసి, సీసాని మోకాళ్ళ మధ్య ఇరికించి, పాలు పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు. నా జీవితంలో అంత జాగ్రత్తగా నేనింకే పనీ చెయ్యలేదు. కారు తిప్పి వెనక్కి వచ్చేశాను.

"అప్పుడే?"

"ఇచ్చేశారు."

ఆయన సీసా అందుకుని, తలుపులోంచి వచ్చే వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. అటూ ఇటూ వంచారు. పాలు గాజుకి అంటుకుని మెల్లగా జారాయి. చాలాసేపు చూశారు, లేక నాకలా అనిపించిందో. నా మొహం మాత్రం చూడలేదు.

"మంచి పాలు," అన్నారు. "ఇంతకంటే మంచివి దొరకవు."

ఫ్రీజర్‌లోంచి తీసిన పాలు గడ్డకట్టి ఉండాలన్న సంగతి నాకు ఇంటికెళ్ళాక గాని తోచలేదు.

సీసా వేడినీళ్ళలో కాసేపు ఉంచి, నా చేతికే ఇచ్చారు. "నువ్వే పట్టు." పిల్ల తల ఒళ్ళో పెట్టుకున్నాను. మొదటి గుక్క పెదవి చివర్నుంచి కారిపోయింది. రెండోదీ అంతే. ఆయన దాని గొంతు కింద వేలితో నిమిరారు. మూడోది మింగింది. తర్వాత సీసాని నా చేతిలోంచి లాక్కునేంత గట్టిగా పీల్చింది. సగం సీసా అయ్యేసరికి ముందుకాళ్ళు మడిచి, వెనక భాగం పైకెత్తి, ఊగుతూ, పడుతూ, నిలబడింది. తోక చటుక్కున వీపు మీదికి లేచింది.

నేను ఆయన కేక కోసం చూశాను. ఆయన బకెట్ మీంచి లేవలేదు.

"నువ్వు చెప్పు," అన్నారు.

"పాస్."

"కాజాకి కూడా వినపడలేదు."

"పాస్."

"వంటింట్లో కాఫీ పెట్టాలా వద్దా?"

"పాస్!" అని అరిచాను. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలీదు. కంచె అవతల లామాలన్నీ ఒక్కసారి మెడలు తిప్పి చూశాయి. వంటింట్లోంచి మా అమ్మమ్మ, "ఎవరే ఆ పిల్ల, మన పిల్లేనా?" అనడం వినపడింది.

సాయంత్రానికి కాజాకి పాలు ఊరాయి. "పడ్డాయి! ఆలస్యంగానైనా పడ్డాయి!" అని ఆయన అందరికీ చెప్పారు. పదకొండో రోజు బారసాలకి అమ్మమ్మ కూడా వచ్చింది. "జున్ను అని పెట్టండి డాక్టరు గారూ. తినే యోగం ఎలాగూ లేదు, పిలుచుకోనైనా పిలుచుకుంటా" అంది. నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఆ పేరు దాచి ఉంచానండీ పిన్నిగారూ," అన్నారాయన. "దానికింకో పిల్ల రావాలి." ఓట్స్‌లో కోవా అని రాశారు.

ఆ రోజే వెళ్ళేటప్పుడు నా చేతికి డజను గుడ్లిచ్చి, "మేకల ఆవిడకిచ్చి థాంక్స్ చెప్పి రా" అన్నారు. ఏ మొహంతో వెళ్ళను? వెళ్ళకపోతే ఏమని చెప్పను? వెళ్ళాను. తలుపు కొట్టాను. ఆవిడ గడ్డి అంటుకున్న చేతులతో వచ్చింది. "డాక్టరు గారు పంపారు. మొన్న మీ పాలు అడగాల్సి వచ్చింది, చివరికి అవసరం పడలేదు. ముందుముందు పడితే ఇస్తారా?" అని ఒక్క ఊపిరిలో అనేశాను. బళ్ళో కాకుండా బయటి మనిషితో ఇంగ్లిష్‌లో నేను మాట్లాడిన మొదటి పొడుగు మాట అదే. ఆవిడ నవ్వి, అవసరం పడేదాకా ఎందుకని ఒక సీసా చేతిలో పెట్టింది. రాయిలా ఉంది. అది తెచ్చి ఇస్తే డాక్టరు గారు తన ఫ్రీజర్‌లో సర్దుతూ, "ఇది కరగడానికి గంట పడుతుంది" అన్నారు. అన్నది నాతోనా, ఫ్రీజర్‌తోనా తెలియలేదు.

అంతే. ఆ తర్వాత ఏళ్ళపాటు ఆయన దాని ఊసెత్తలేదు. నేను కాలేజీకి వెళ్ళాను, టౌన్ లైబ్రరీలో చేరాను. శనివారాలు మాత్రం మానలేదు. పొదుగు దగ్గర పని ఎప్పుడూ నాకే అప్పగించేవారు. "రెండేసి ధారలు" అని కూడా మళ్ళీ చెప్పలేదు. చెప్పకుండా వదిలేసి వెళ్ళిపోయేవారు. ఆ నమ్మకం నాకు భుజం మీద చెయ్యిలా ఉండేది.

తొమ్మిది రోజుల కిందట, శనివారం. డాక్టరు గారు గుండె జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నారు, ఆంటీ ఆయన దగ్గర. దాణా వెయ్యడానికి వెళ్ళిన నాకు కొట్టంలో కాజా ఒక మూల నిలబడి కనిపించింది. అప్పటికే మొదలైంది. చిన్న ముక్కు కనిపిస్తోంది, దాని పక్కన ఒక్క పాదం. రెండుండాలి.

కాసేపు చూశాను. కాజా పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. ముక్కు వెనక్కీ ముందుకీ తప్ప రావడం లేదు. ఫారంలో నేను తప్ప మనిషి లేడు. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే గంటన్నర దూరంలో ఉన్నానన్నాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను.

వెచ్చగా, బిగుతుగా, గలీబు కంటే చాలా ఇరుకుగా ఉంది. కాజాకి నొప్పి వచ్చినప్పుడల్లా నా మణికట్టు విరిగిపోతుందేమో అనిపించేది. మెడ తగిలింది. ఛాతీ తగిలింది. దాని కింద మడత పడ్డ కాలు. కీలు వంచి చూశాను. రెండోది వంచాను. ఒకే వైపు. ముందుకాలే. గోళ్ళు తల్లికి గీసుకోకుండా పాదాన్ని అరచేతిలో మూసి, నొప్పి తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెం ముందుకి తెచ్చాను. కాజా "మ్మ్" అంటోంది. నేనూ "మ్మ్" అంటున్నానని కాసేపటికి గాని తెలుసుకోలేదు. ఉన్నట్టుండి కాలు జారి సర్దుకుంది. రెండు పాదాలు, ముక్కు, నుదురు, ఆ పొడుగు మెడ... మొత్తం పిల్ల నా ఒళ్ళోకి వచ్చి పడింది. తెల్లటి పిల్ల. తల విదిలించి తుమ్మింది.

ట్రంకుపెట్టె తెరిచాను. పైనున్న పంచె ఆయన మొన్నమొన్నటిదాకా కట్టుకున్నదే. దాంతో తుడిచాను. నాలుగు చన్నులు, రెండేసి ధారలు. చెయ్యి తీసేశాను. బకెట్ బోర్లించి, వాచీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను. మంచినీళ్ళు తాగలేదు.

మూడూ అయ్యాక వంటింట్లోకి పరిగెత్తి ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఆంటీ ఎత్తి, నేను చెప్పబోతుండగానే, "ఆగు, లాగేసుకుంటున్నారు" అంది.

"లేచిందా?" ఆయన గొంతు బాగా సన్నబడింది.

"లేచింది అంకుల్. ముప్పావు గంటలో."

"తాగిందా?"

"తాగింది. తోక లేచింది."

"మాయ?"

"పడింది. పరిచి చూశాను, మొత్తం ఉంది."

"ఎవరున్నారు సాయం?"

"ఎవరూ లేరు. ఒక కాలు మడత పడింది. ముందుకాలు. కళ్ళు మూసుకున్నాను."

అవతల్నుంచి "పాస్!" అన్న కేక. ఆస్పత్రి మొత్తానికి వినపడి ఉంటుంది. ఎవరో పరిగెత్తుకొచ్చిన చప్పుడు, ఆంటీ ఇంగ్లిష్‌లో సర్దిచెప్పడం, మధ్యలో తెలుగులో, "గుండె జబ్బు మనిషండీ మీరు, అలా అరుస్తారా!" అనడం. పాస్ అన్నది పిల్లకా, నాకా అని నేనడగలేదు. రిసీవరు పట్టుకుని వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుతూ నిలబడ్డాను. నా చేతులింకా మోచేతుల దాకా తడిగానే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే తెల్లపిల్ల తల్లి చుట్టూ గెంతుతోంది.

"పేరేం పెట్టమంటారు అంకుల్?"

కాసేపు ఊపిరి తీసుకున్నారు. గొంతులో నవ్వు ఉంది.

"జున్ను అని పెట్టు తల్లీ. పాపం మీ అమ్మమ్మకి ఆ రోజు అందలేదు కదా."